ముక్కాయన బట్టీ

మా పిన్నీ బాబాయీ మాట్లాడుకోరు. ఒకే కప్పు కింద ఉంటారు, ఒకే పొయ్యి మీద వండింది తింటారు, ఒకరికి జలుబు చేస్తే రెండోవాళ్ళు తుమ్ముతారు. మాట మాత్రం లేదు. ఎన్నేళ్ళయిందో లెక్క పెట్టడం మేమంతా ఎప్పుడో మానేశాం.

ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో నేనుండాలి. "సోడా డబ్బా ఎక్కడ పెట్టిందో మీ పిన్నిని అడుగు" అంటాడు బాబాయి, పిన్ని రెండడుగుల దూరంలో నిలబడి ఉండగానే. "కళ్ళ ముందే ఉందని మీ బాబాయికి చెప్పు" అంటుంది పిన్ని. ఇద్దరికీ వినపడిన మాటని మళ్ళీ చెప్పడానికి నేనేమైనా మైకునా? నోరు మూసుకుని నా పని నేను చేసుకుంటాను.

గొడవకి కారణం కూర. ఒక మధ్యాహ్నం తలుపుల మేస్త్రిని బాబాయి భోజనానికి పిలిచాడు. ఊళ్ళో సగం వడ్రంగం పని ఆ మేస్త్రి చేతిలోనే ఉంటుంది, మాకు పనిచ్చేదీ ఆయనే. పిన్ని పొద్దున్నుంచీ వండింది. బాబాయి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది కూరా? గడ్డి నమిలినట్టుంది" అని కంచం ముందుకి తోసేసి లేచిపోయాడు, బయటివాడి ఎదురుగా. ఆ పూట నుంచి పిన్ని ఆయనతో మాట్లాడలేదు. ఆ కూర నేనూ తిన్నాను. బ్రహ్మాండంగా ఉంది. బాబాయికి కొత్తగా జ్వరం తగ్గింది, నోరు చేదుగా ఉందేమో, మర్నాటికి సర్దుకుంటారు అనుకున్నాం. ఎక్కడ సర్దుకున్నారు! ఆయన సారీ చెప్పలేదు, ఈవిడ దిగి రాలేదు.

మాట మానేసింది గాని పిన్ని కోపం మానలేదు. మా పనిగదికీ వంటగదికీ మధ్య ఒకే గోడ. బాబాయి బట్టీ ముందు కూర్చుంటే చాలు, గోడ అవతల గిన్నెలు మాట్లాడేవి. మూతలు దబదబా పడేవి, గరిటెలు మోగేవి, ఆఖరికి మూకుడు పడిందంటే నా గుండె అదిరిపోయేది. "పూనకం మొదలైంది" అని నవ్వుకునేదాన్ని. బాబాయి మాత్రం కిమ్మనకుండా కూర్చునేవాడు. పాపం, ఎంత ఓపిక అనుకునేదాన్ని.

మా పని ఇనప సామానుకి నల్ల పూత వెయ్యడం. తలుపు బందులు, గడియలు, సొరుగుల పిడులు, బీరువా మూలలకి కొట్టే రేకులు, అన్నీ చిన్న చిన్న సామాన్లే. బజార్లో డబ్బాల్లో దొరికే నల్ల పెయింటు కాదు మాది. తారు గడ్డని అవిసె నూనెలో కరిగించి, టర్పెంటైన్ పోసి పల్చన చేసి, కుంచెతో రాసి, తీగలకి వేలాడదీసి బట్టీలో కాలుస్తాం. పాతవాళ్ళు జపాన్ పూత అంటారు. దానికీ జపానుకీ ఏం చుట్టరికమో నన్నడగొద్దు. సరిగ్గా కుదిరితే మాత్రం ఆ నలుపులో మొహం చూసుకోవచ్చు. గోరు పెట్టి గీరినా గీత పడదు, మనవల కాలానికి కూడా తుప్పు పట్టదు.

కిటుకంతా బట్టీ దగ్గరే ఉంది. తలుపు మీద వేడి చూపే ముల్లు ఉంది గాని, అది వేడెంతో చెబుతుంది తప్ప పూత ఉడికిందో లేదో చెప్పదు. తారు గడ్డలన్నీ ఒక్కలాంటివి కావు, ముసురు పట్టిన రోజు ఒకలా కాలుతుంది, ఎండ కాసిన రోజు ఇంకోలా. చెప్పేది వాసనే. మొదట టర్పెంటైన్ ముక్కు పొడుస్తుంది. తర్వాత పచ్చి తారు వాసన, దాని మీద బరువుగా నూనె వాసన. అవి రెండూ పోయి, ఇస్త్రీ చేసిన నూలు బట్టలాగా పొడి వాసన వస్తుంది చూడండి, అప్పుడు తియ్యాలి. కాస్త దాటిందా, చేదు పొగ లేచి అంతా బొబ్బలెక్కిపోతుంది.

ఆ వాసన పట్టడంలో మా బాబాయిని మించినవాడు లేడని ఊరంతా చెప్పుకుంటారు. అసలు ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. ముక్కాయన అంటారు. స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, గాలి పీల్చి, "ఆ, తియ్యి" అంటాడు. తీస్తే అద్దమే. నేను పెళ్ళి కాకముందు నుంచీ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. ఇప్పుడు రెండు వీధుల అవతల కాపురం, పొద్దున్నే ఇక్కడ హాజరు. ఈ మధ్యే ఒక పాత గ్రంథాలయం తలుపులకి కావలసిన సామానంతా మేస్త్రి మా దగ్గర పడేసి వెళ్ళాడు. "ఈ పనయ్యాక బట్టీ నీదే, నేను విశ్రాంతి తీసుకుంటాను" అన్నాడు బాబాయి. ఆ రాత్రి ఆనందంతో నాకు నిద్ర పట్టలేదు.

సరిగ్గా అప్పుడే పిన్ని వాళ్ళ వదిన స్నానాలగదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. సాయం చెయ్యడానికి పిన్ని సంచి సర్దుకుని వాళ్ళ అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. పోతూ పోతూ నాకేసి ఒక చూపు చూసింది. ఏదో చెప్పబోయి ఆగిపోయినట్టుంది గాని, నేను పట్టించుకోలేదు.

మర్నాడే మొదటి వాయి. సామానంతా చాకలి సోడా కలిపిన నీళ్ళలో ఉడికించి జిడ్డు వదలగొట్టాను. వేళ్ళు తగలకుండా కొక్కేలకి తగిలించి, పూత రాసి, అడుగున వేలాడే బొట్టుని కుంచె కొసతో ఒత్తి తీసేసి బట్టీ ఎక్కించాను. బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు. వంటగది నిశ్శబ్దంగా ఉంది. ఆ రోజు ఆయన మాటిమాటికీ గోడకేసి చూస్తున్నాడు. పిన్ని గుర్తొస్తోందేమో, ఎంతైనా మొగుడు కదా అని నాకు ముచ్చటేసింది కూడా.

కాసేపటికి గాలి పీల్చి, "ఆ, తియ్యి" అన్నాడు.

నా ముక్కుకి ఇంకా పచ్చి తారే తగులుతోంది. "ఇంకాస్త ఆగుదామా బాబాయ్?" అన్నాను.

"నీకు నేర్పింది ఎవరే?"

నిజమే, నేర్పినవాడికంటే నాకెక్కువ తెలుసా? తీసేశాను. మర్నాడు పొద్దున్నే మేస్త్రి వచ్చి ఒక గడియ పట్టుకుని చూశాడు. ఆయన బొటనవేలు దానికి అతుక్కుపోయింది. పీక్కుంటే వేలి నిండా నలుపు.

"ముక్కాయనా, ఏంటిది? జిగురు పూశావా?"

బాబాయి మొహం పాలిపోయింది. "బట్టీ చల్లబడ్డది, మళ్ళీ ఎక్కిస్తాం" అన్నాడు. ఎక్కించాం. ఈసారి నేను "అయింది బాబాయ్, వాసన మారింది" అంటున్నా ఆయన వినడే! "తొందరపడకు, ఆగు" అంటూనే ఉన్నాడు. ఆగాం. చేదు పొగ లేచింది. తలుపు తీసేసరికి అన్ని బందుల మీదా బొబ్బలు. చేత్తో తడిమితే పెచ్చులు రాలుతున్నాయి.

నా హస్తవాసే మంచిది కాదనుకున్నాను. బట్టీ నాదవుతుందన్న రోజునే ఇలా కావాలా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మేస్త్రికి కబురు తెలిసి, "ఇంకొక్కసారి చూస్తాను. ఎల్లుండి నేనే వచ్చి దగ్గరుండి తీయిస్తా. అప్పుడూ ఇంతే అయితే, ఏమీ అనుకోవద్దు, ఫ్యాక్టరీ పూత వేసేవాళ్ళకి ఇచ్చేస్తా" అని చెప్పి పంపాడు.

పాడైన పూతంతా గీకెయ్యాలి. పెరట్లో సోడా నీళ్ళ గాబు ముందు కూర్చుని ఒక్కొక్క బందూ బ్రష్షుతో రుద్దుతున్నాను. ఉన్నట్టుండి వాసన. మాడిన నూనె వాసన, గొంతు పట్టేసేది. బట్టీ ఆర్పేశాం కదా అనుకుంటూ లోపలికి పరిగెత్తాను.

అవిసె నూనె గుడ్డలు ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మా పనిలో అందరికీ తెలిసిన సంగతే. రోజూ సాయంత్రం వాటిని పెరట్లో తీగ మీద విడదీసి ఆరేసేది పిన్ని. పిన్ని లేదు, నాకు గుర్తులేదు, ఆయన వెయ్యలేదు. గుడ్డలన్నీ స్టూలు వెనకాల రేకు డబ్బాలో కుక్కి ఉన్నాయి. డబ్బాలోంచి సన్నగా పొగ లేస్తోంది. ఆ కంపుకి గది గుమ్మంలోనే నాకు డోకొచ్చింది. డబ్బాకి జానెడు దూరంలో మా బాబాయి, ఊళ్ళోకెల్లా గొప్ప ముక్కున్న మా బాబాయి, కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నాడు.

డబ్బాని కర్రతో పెరట్లోకి ఈడ్చి నీళ్ళు కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. ఇంకాస్త ఆలస్యమైతే పక్కనే టర్పెంటైన్ పీపా.

"ఏమైందే? ఏంటా హడావుడి?" అంటూ బయటికొచ్చాడు బాబాయి.

"వాసన రాలేదా నీకు?"

"ఇటు గాలి లేదు కదా."

ఆయన అబద్ధమాడినప్పుడు చెవి గోక్కుంటాడు. గోక్కున్నాడు. నా కోపం మంచిది కాదని నాకూ తెలుసు. లోపలికి వెళ్ళి ఒక గ్లాసు తెచ్చి, "కళ్ళు మూసుకో" అని ఆయన ముక్కు దగ్గర పెట్టాను. "ఇదేంటో చెప్పు."

గాలి పీల్చాడు. బట్టీ ముందు పీల్చినట్టే, అదే పోజు. "టర్పెంటైన్" అన్నాడు.

అవి కుండలోని మంచినీళ్ళు.

ఆయన కళ్ళు తెరిచి గ్లాసుకేసి చూసి, నాకేసి చూడకుండా గాబు గట్టు మీద కూలబడ్డాడు. ఎదురుగా ఉన్నది మా బాబాయేనా, ఆయన చొక్కా వేసుకున్న వేరే ఎవరైనానా అనిపించింది. నాకు వాసన నేర్పింది ఈయనే. ఇదీ పచ్చి, ఇదీ పండు అని చెయ్యి పట్టుకుని నేర్పాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాను ఎలాగో.

"ఆ జ్వరం వచ్చి తగ్గిందే, అప్పట్నుంచి. ఒక్క వాసనా తెలీదు. వాసన లేకపోతే రుచీ ఉండదు. మొదట్లో నాకే అర్థం కాలేదు. ఆ రోజు కూర నిజంగా చెడిపోయిందనే అనుకున్నా. రెండ్రోజుల తర్వాత తెలిసింది, చెడింది నేనని."

"మరి ఇన్నేళ్ళూ ఈ బట్టీ ఎలా నడిపావు?"

గాబులో తేలుతున్న నల్ల పెచ్చులకేసి చూశాడు. తర్వాత గొణిగాడు. "మీ పిన్ని గిన్నెలు."

"గిన్నెలేంటి?"

"వాసన ముదిరితే దానికి చిరాకు. చిరాకొస్తే చేతిలో ఏదుంటే అది విసిరేస్తుంది. చిన్న మూత పడిందంటే టర్పెంటైన్ పోయినట్టు, మంట పెంచొచ్చు. మూకుడు పడిందంటే అయిపోయినట్టు. ఎప్పుడూ తప్పలేదు. పాపం దానికేం తెలీదు. తన మానాన తను తిట్టుకుంటోంది, నేను వింటున్నాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఊరంతా మెచ్చుకున్న నలుపు, మొహాలు చూసుకున్న నలుపు, మా పిన్ని చిరాకు మీద నడిచిందా! నేను పూనకమని నవ్వుకున్నది దీన్నా! అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది ఇంకో సంగతికి. తప్పు తనదని రెండ్రోజుల్లో తెలిసిన మనిషి, వంట బాగోలేదన్న మాటని పిన్ని నెత్తిమీద అలాగే ఉంచేశాడు. అదే అడిగాను.

"చెబితే? ముక్కు లేనివాడి బట్టీకి సామాను ఎవడిస్తాడే?" అన్నాడు.

చేతులు కడుక్కోకుండానే బస్సెక్కాను. వాళ్ళ అన్నయ్య ఇంట్లో గుమ్మం దగ్గర కూర్చుని పిన్ని ఉల్లిపాయలు తరుగుతోంది. పక్కనే కూర్చుని జరిగిందంతా గబగబా చెప్పేశాను. ఆయనకి ముక్కు లేదు పిన్నీ, నీ చిరాకు విని బట్టీ నడుపుతున్నాడు పిన్నీ, నీకు తెలియకుండా నిన్ను వాడుకున్నాడు పిన్నీ. ఆవిడ చెయ్యి మాత్రం ఆగలేదు. ఉల్లిపాయ పూర్తిగా తరిగి, కత్తి పక్కన పెట్టి, అప్పుడంది:

"చిరాకా? సరిగ్గా పూత ఉడికే వేళకి రావడానికి నా చిరాకుకి గడియారం ఉందిటే?"

"అంటే కావాలనే కొట్టావా?" అన్నాను.

"మొదటిసారి నిజంగా కోపంతోనే కొట్టాను. అవతల మాడి చస్తోంది, మనిషి కదలడు. పిలుద్దామంటే మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నానాయె. మూకుడు తీసి నేలకేసి కొట్టాను. మరుక్షణం బట్టీ తలుపు తీశాడు. అప్పుడే అర్థమైంది ముక్కు పోయిందని. ఆ రోజు కూర సంగతీ అర్థమైంది. తర్వాత్తర్వాత నేనే ఏ వాసనకి ఏది కొట్టాలో పెట్టుకున్నాను. చిన్న మూతకి సొట్టలు పడి ఇప్పటికి మూడు మార్చాను."

"తెలిసీ అడగలేదా?"

"ఆయనే చెబుతాడని చూశాను. రేపు చెబుతాడు, ఎల్లుండి చెబుతాడు అని."

ఆయన ఈవిడకి తెలియదనుకుంటున్నాడు. ఈవిడ ఆయన చెప్పాలనుకుంటోంది. మధ్యలో గోడ. ఒకళ్ళనొకళ్ళు పెళ్ళాడి ఇంత మొండిగా బతకొచ్చా? "ఇంక చాలు, వచ్చెయ్ పిన్నీ" అన్నాను.

"రాను. బట్టీకి నీ ముక్కు చాలు, నీకు తెలుసు వాసన. పచ్చిగా ఉందని నీకు తెలిసింది కదా మొన్న? నోరు మూసుకున్నావు, అంతే. నాకు చెప్పక్కర్లేదని కూడా చెప్పు ఆయనకి. నాకు తెలిసిందే. ఎవరి ముందు కంచం తోశాడో ఆయన ముందు చెప్పమను. ఆ మేస్త్రి మనింటికొచ్చిన ప్రతిసారీ నేను వంటగది దాటి బయటికి రాలేదు. మంచినీళ్ళు కూడా నీ చేతే పంపాను. వంట రాని ఆడదాన్నని అనుకుంటున్నాడేమో అని మొహం చెల్లక." అప్పుడు కళ్ళు తుడుచుకుంది. ఉల్లిపాయల వల్ల కాదు.

ఈ మాట చెబితే బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మేస్త్రి ముందా? ఆయన ముందు చెబితే బట్టీ ఆరిపోయినట్టే. నీకిస్తానన్నది కూడా పోతుంది, తెలుసా?" తెలుసు. అదే నన్ను తినేస్తోంది. బట్టీ నిలవాలంటే ఆయన నోరు విప్పకూడదు, పిన్ని తిరిగి రావాలంటే విప్పాలి. రాత్రంతా ఇద్దర్నీ మనసులో తిట్టుకుంటూ దొర్లాను.

ఎల్లుండి రానే వచ్చింది. గీకేసిన సామానుకి మళ్ళీ కొత్తగా పూత వేసి బట్టీ ఎక్కించాను. మేస్త్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అదే సమయానికి పెరటి తలుపు చప్పుడైంది. పిన్ని. చీరలు ఇంకో నాలుగు తీసుకెళ్ళడానికొచ్చిందట. మమ్మల్ని దాటి వంటగదిలోకి వెళ్ళిపోయింది. బాబాయి మొహంలో ప్రాణం లేచొచ్చింది. స్టూలుని గోడ దగ్గరికి జరుపుకున్నాడు.

గోడ అవతల చీమ చిటుక్కుమనలేదు. ఆవిడ అక్కడే ఉంది, గాజుల అలికిడి కూడా లేదు. టర్పెంటైన్ పోయింది. మూత పడలేదు. మంట నేనే పెంచాను. నూనె వాసన ఎక్కింది. బాబాయి నుదుటి మీద చెమట.

"ఏమయ్యా ముక్కాయనా, అయిందా?" అన్నాడు మేస్త్రి.

బాబాయి గోడకేసి చూశాడు. గాలి పీల్చాడు. "ఆ, తియ్యి" అన్నాడు. ఆ గొంతులో సత్తువ లేదు.

"ఇంకా అవలేదు బాబాయ్" అన్నాను. "పచ్చిగా ఉంది."

మేస్త్రి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇదేంటి, ముక్కాయన తియ్యమంటే పిల్ల వద్దంటోంది? ఇంతకీ ఎవరి మాట నిజం?"

బాబాయి నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

"పిల్ల మాటే నిజం. నాకు ముక్కు పనిచెయ్యదు. ఎప్పుడో పోయింది. ఇన్నేళ్ళూ వాసన చూసింది మా ఆవిడ, ఆ గోడ అవతలనుంచి. నువ్వు మెచ్చుకున్నదంతా ఆవిడ పని. ఆ రోజు నీ ముందు కంచం తోసేశాను కదా, కూర గడ్డిలా ఉందని. కూర బాగానే ఉంది. నాకే రుచి తెలీలేదు. ఆ మాట నీకు చెప్పాలి."

చెప్పేసి కళ్ళు మూసుకున్నాడు, దెబ్బ పడబోయేవాడిలా. నేను మేస్త్రి మొహమే చూస్తున్నాను. మా బట్టీ బతుకు ఆ మొహంలో ఉంది.

మేస్త్రి గడ్డం గోక్కున్నాడు. "ఏ రోజు?"

"అదేనయ్యా, మా ఇంట్లో భోజనానికొచ్చావే."

"వచ్చానా?" చాలాసేపు ఆలోచించాడు. "ఏమో, వచ్చే ఉంటాను. నాకేం గుర్తులేదు. ముక్కంటావా, సామాను బాగుంటే చాలు, ఎవరి ముక్కైతే నాకెందుకు?"

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. బాబాయి కళ్ళు తెరిచి అలాగే నిలబడిపోయాడు. అంతే! ఇంత భయమూ, ఇన్నేళ్ళ ఉక్రోషమూ, ఆ మనిషి బుర్రలో ఒక్క మెతుకంత కూడా లేదు. ఇంతలో ఇస్త్రీ బట్ట వాసన తగిలింది, ఎవరినీ అడక్కుండా బట్టీ తలుపు తీశాను.

వంటగది గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. చీరల మూట చేతిలోంచి జారిపోయినట్టుంది, కాళ్ళ దగ్గర పడి ఉంది. "గుర్తు లేదా అన్నయ్యా మీకు?" అని అడిగింది మేస్త్రిని. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆవిడ తలుపు చెక్క పట్టుకుని ఆయనకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత మెల్లిగా బాబాయి వైపు తిరిగింది. ఎన్నో ఏళ్ళ తర్వాత మొట్టమొదటిసారి, మధ్యలో నేను లేకుండా, మొగుడితో మాట్లాడింది.

"ముక్కు పోతే పోయింది. నోరేమైంది మీకు?"

బాబాయి నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి గాని మాట రాలేదు. మా బాబాయి ఏడవడం నేను అప్పుడే చూశాను.